గురమ్మ అడిగిన మాట

చినపేట, గజపతినగరం తపాలా
10-7-1967

మేనల్లుడు చిరంజీవి కృపారావుకి జ్ఞానానందం మావయ్య దీవించి రాసేది.

ఇక్కడ నేనూ మీ అత్తా కులాసా. వాన రెండు జల్లులు కురిసి మొహం చాటేసింది. ఊడుపులకి నీళ్ళు చాలవని పేటంతా ఆకాశం వైపు చూస్తోంది. నువ్వు శృంగవరపుకోట హైస్కూల్లో సైన్సు మాస్టరుగా చేరి ఏడాది దాటింది. అక్కడికీ ఇక్కడికీ రెండు బస్సులు, అంతేకదా. క్రిస్మసుకి వచ్చినవాడివి మళ్ళీ గడప తొక్కలేదు. మీ అత్త రోజూ నా మీద విసుక్కుంటోంది, నేనేదో అన్నానని.

సరే, అసలు సంగతి. నెలకో సృష్టి విచిత్రం రాసి పంపుతానన్నావు. తేనెపట్టు గురించి పంపింది గుడిలో చదివితే జనం నోళ్ళు తెరుచుకుని విన్నారు. నీ ఉత్తరం నా ఒక్కడిదీ కాదని నీకు తెలుసు. నువ్వు విజయనగరంలో చదివినన్నాళ్ళూ ఈ పేటలో ప్రతి ఆడమనిషీ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసింది. ఆదివారాలు ఆ బియ్యం గుడికి తెస్తే, నెలకో మూట కట్టి నీ హాస్టలుకి మోసుకొచ్చాను. ఆ పిడికెడు అలవాటు ఇప్పటికీ ఆగలేదు, గుడికి తెస్తూనే ఉన్నారు. అందుకే నీ కవరు గురువారం వచ్చినా నేను విప్పను. ఆదివారం పాటలయ్యాక అందరి ముందూ విప్పి చదువుతాను. ఇంటి సంగతులకి నువ్వు వేరే కార్డు ముక్క రాస్తావు కాబట్టి ఇబ్బంది లేదు.

ఈసారి కన్ను గురించి రాయి. నా తర్కం నాకుంది. ఒకసారి నెల్లిమర్ల జనపనార మిల్లు లోపలికి వెళ్ళి చూశాను. ఆ యంత్రాలన్నీ ఇనుము దానంతటదే కూడుకుని తయారయ్యాయని ఎవడైనా అంటే వాడికి పిచ్చని తీసికెళ్ళి డాక్టరుకి చూపిస్తాం. మిల్లుకి మేస్త్రీ ఉంటే కంటికి లేడా? కాకపోతే కంటి లోపల ఏముందో నాకు తెలీదు. అది నువ్వు చెప్పు. మేస్త్రీ సంగతి నేను చూసుకుంటాను.

నీ రాక కోసం కళ్ళు కాయలు కాసిన
మావయ్య


శృంగవరపుకోట
18-7-1967

మావయ్యకీ, గుడిలో పెద్దలందరికీ కృపారావు వందనాలు.

కన్ను గురించి అడిగారు. కంటి ముందున్న నల్లగుడ్డు మధ్యలో చిన్న రంధ్రం ఉంటుంది. దాన్ని పాప అంటారు. వెలుతురు ఎక్కువైతే అది తనంతట తనే ముడుచుకుంటుంది, తగ్గితే విచ్చుకుంటుంది. నమ్మకం కుదరకపోతే ఎవరైనా చిన్నపిల్లని కిటికీ దగ్గర నిలబెట్టి, గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూడండి. దాని వెనక గాజుబిళ్ళలాంటి కటకం ఉంది. దూరం చూస్తే పలచబడుతుంది, దగ్గర చూస్తే ఉబ్బుతుంది. ఆ వెనక తెర. తెర మీద మనిషి తలకిందులుగా పడతాడు, మెదడు వాణ్ణి నిలబెడుతుంది. రెప్ప కొట్టిన ప్రతిసారీ కన్నీరు కంటిని కడిగి పోతుంది. ఏడవకపోయినా మనం రోజంతా ఏడుస్తూనే ఉన్నామన్నమాట.

ఇక్కడ అనంతగిరి కొండల మీద మబ్బు దిగింది. పనసపళ్ళ వాసన బస్‌స్టాండు దాకా వస్తోంది. నాకు క్లాసులు ఎక్కువ, స్కౌట్లు కూడా నా నెత్తినే వేశారు. వీలు చూసుకుని వస్తాను.

ఇట్లు
కృపారావు


చినపేట
1-8-1967

ఒరే అల్లుడూ,

నీ కన్ను పేటనంతా కదిపేసింది! నువ్వు చెప్పినట్టే చేశాను. ప్రసంగం మధ్యలో గురమ్మ కూతురు లీలారాణిని పిలిచాను. మన వెనక వీధి గురమ్మ, ఊడుపులకి పోయే మనిషి, నువ్వు ఎరిగినదే. పిల్లకి నాలుగేళ్ళు. దాన్ని కిటికీ దగ్గర నిలబెట్టి, గడ్డం ఎత్తి, “చూడండర్రా, ఈ పాపని ముడుచుకోమని ఎవరు చెప్పారు?” అన్నాను. వరసకట్టి అందరూ వచ్చి చూశారు. ముసలి తాతమ్మ అయితే, “నాకు ఏటీ అగుపడలేదు గానీ నమ్మినాను” అంది. అంతా నవ్వారు.

ఒక చిన్న సంగతి. పిల్ల కంటి తెల్లగుడ్డు మీద, చెవి వైపు మూలన, సబ్బు నురగలాంటి మచ్చ ఉంది. పుసి అనుకుని నా కండువాతో తుడిచాను. పోలేదు. పైగా కన్ను ఎండినట్టు, మెరుపు లేకుండా ఉంది. గురమ్మని అడిగితే, వైశాఖంలో పిల్లకి తట్టు పోసిందట. అప్పట్నుంచీ పథ్యమని గంజన్నమే పెడుతున్నారు, కూరా చేపా ముట్టనివ్వలేదు. పొద్దుగూకితే గోడలు తడుముకుంటోందట. రేచీకటి, పెద్దయితే అదే పోతుందని అందరూ అన్నారు.

ఆరాధన అయ్యాక గురమ్మ నా దగ్గరికొచ్చి అడిగింది. ఆమె మాట ఆమె మాటల్లోనే రాస్తాను. “అయ్యగోరూ, అంత ముచ్చటగా కన్ను సేసినోడు, పొద్దుగూకితే మా పాపకి ఎందుకు అగుపడనీడు? ఏటి తక్కువయ్యింది దాని కంటికి?”

దేవుడి చిత్తం మనకి తెలీదమ్మా అన్నాను గాని అది నాకే చప్పగా తోచింది. ఇన్నేళ్ళ బోధకుణ్ణి, ఒక కూలిమనిషి ముందు నీళ్ళు నమిలాను. చేసినవాడు మంచివాడైతే చేతిపనిలో లోపం ఎందుకుండాలి? నువ్వు చదువుకున్నవాడివి. దీనికి దిటవైన జవాబు రాసి పంపు. వచ్చే ఆదివారాలు గురమ్మ కళ్ళలోకి చూసి మాట్లాడాలి నేను.

మావయ్య


శృంగవరపుకోట
14-8-1967

మావయ్యకి,

ఈ ఉత్తరం రాయాలా వద్దా అని వారం రోజులు తటపటాయించాను. మీరు దిటవైన జవాబు అడిగారు కాబట్టి రాస్తున్నాను.

గురమ్మ అడిగిన ప్రశ్నకి మీ దగ్గర జవాబు లేకపోవడం మీ తప్పు కాదు. దానికి జవాబు లేదు. మీ మిల్లు తర్కంలోనే బొక్క ఉంది. మిల్లులు కట్టడం మనం చూశాం, అందుకే మిల్లుని చూస్తే మేస్త్రీ గుర్తొస్తాడు. లోకాలు కట్టడం ఎవరు చూశారు? పైగా మిల్లు ఒక్కడు కట్టలేదు. వందమంది కట్టారు, వాళ్ళలో తాగుబోతులూ ఉంటారు. మరి లోకానికి మేస్త్రీ ఒక్కడేననీ, మంచివాడేననీ మీకు ఎలా తెలిసింది?

కన్ను అంటారా, మొన్న నేను మీకు సగమే రాశాను. కంటి తెర మీద నరం బయటికి పోయేచోట చూపు లేని మచ్చ ఉంది. ప్రతి మనిషికీ ఉంది. తెరలో నరాలు వెనక ఉండాల్సింది ముందున్నాయి, వెలుతురు వాటిని దాటుకుని పోవాలి. ఏ మేస్త్రీ అయినా కిటికీ ముందు తీగలు వేలాడేస్తాడా? కొండ మీద మేకల్లో కాలు చురుకైనది బతుకుతుంది, మందకొడిది నక్క పాలవుతుంది. అలా లక్షల ఏళ్ళు జరిగితే ఎవరూ గీయకుండానే చురుకైన కాలు తయారవుతుంది. కన్నూ అంతే. పిల్లల పేగులో బద్దెపురుగుకి ఉన్న కొక్కెం చూశారా? దాని పనితనం కంటికేమీ తీసిపోదు. దాన్ని చెక్కింది కూడా ఆ చెయ్యేనా? గుడిలో పిల్లల్ని వరసగా నిలబెట్టి అది చూపిస్తారా?

గురమ్మకి చదువు లేకపోయినా మీ పెద్దలందరికన్నా సూటిగా ఆలోచించింది. ఆ పిల్ల కన్నే మీ వాదానికి జవాబు. దాన్ని దాటి మీరు పోలేరు.

నేను నమ్మడం మానేసి మూడేళ్ళయింది. వస్తే గుడిలో రొట్టె తీసుకునే ప్రభువు బల్ల దగ్గర కూర్చోవాలి. ఇక అబద్ధంగా కూర్చోలేను, కూర్చోనని మీ ముందు చెప్పలేను. అందుకే బస్సు ఎక్కడం లేదు. ఆ పిడికెళ్ళు తిన్న నోటితో ఇది చెప్పడం ఎంత సిగ్గుగా ఉందో నాకే తెలుసు.

ఇది మీకు మాత్రమే. దయచేసి గుడిలో చదవకండి.

కృపారావు


చినపేట
21-8-1967

కృపారావుకి,

చదివేశాను.

కవరు ఎప్పటిలాగే ఆదివారం అందరి ముందూ విప్పాను. మొదలుపెట్టాక ఎక్కడ ఆపను? మిల్లు దగ్గరకి వచ్చేసరికి నవ్వారు, నన్ను ఆటపట్టిస్తున్నావనుకున్నారు. తరవాత నవ్వు ఆగింది. నేను ఆపితే ఏదో దాస్తున్నాననుకుంటారని ముందుకే పోయాను. చదవకండి అన్న మాట చిట్టచివరి మడతలో రాశావు. అక్కడికి వచ్చేటప్పటికే అంతా చదివేశాను.

ఆ మాట కార్డు మీద రాయడానికి నీకు చెయ్యి రాలేదా? పేటని సిగ్గుపరచాలని కవరులో పెట్టావా? బల్ల మీద నమ్మకం లేక రావడం లేదని రాశావు. నేనైతే అది ఒప్పుకోను. మాస్టరువయ్యాక మా పాకలు నీకు ఇరుకయ్యాయి. అదీ అసలు సంగతి. మీ అమ్మ పోయిన నాటినుంచి నిన్ను ఈ చేతుల్తో పెంచాను. దేవుణ్ణి వద్దన్నందుకు కాదు, గురమ్మ బిడ్డని రాయిగా తీసి నా మీద విసిరినందుకు నొచ్చుకున్నాను.

గురమ్మ మధ్యలోనే పిల్లని భుజాన వేసుకుని లేచిపోయింది. ఈ వారం పిడికెడు తేలేదు. పిల్ల వెలుతురుకి కళ్ళు తెరవలేక మొహం తల్లి మెడలో దాచుకుంటోంది. మీ అత్త నందివర్ధనం పూలు తెచ్చి కళ్ళ మీద కట్టింది. నేను ప్రార్థన చేశాను.

ఇకమీదట విచిత్రాలు పంపనక్కరలేదు.

జ్ఞానానందం


కార్డు
శృంగవరపుకోట
20-9-1967

మావయ్యా, ఇది వెంటనే చదువుతారని కార్డు మీద రాస్తున్నాను. నాలుగు వారాలు నేను కోపంతో రాయలేదు, మీరూ రాయలేదు. అదంతా తరవాత. లీలారాణిని ఇప్పుడే విజయనగరం పెద్దాసుపత్రికి తీసికెళ్ళండి. అది విటమిన్ ‘ఏ’ తక్కువైనందువల్ల వచ్చే జబ్బు. ముందు రేచీకటి, తరవాత నురగ మచ్చ, తరవాత నల్లగుడ్డు మెత్తబడి కరిగిపోతుంది. చేపనూనె పట్టించాలి. మునగాకు, తోటకూర, బొప్పాయిపండు పెట్టాలి. పథ్యం మానెయ్యమనండి. ఒక్క రోజు కూడా ఆగొద్దు. కృపారావు.


చినపేట
28-9-1967

అల్లుడూ,

నీ కార్డు అందింది. ఇంటి గుమ్మంలో పడుంది. మేము ఆసుపత్రి నుంచి వచ్చింది మొన్న. నీ మీద కోపంతో రాయలేదనుకున్నావు. కాదురా. ఆగస్టు ఇరవై మూడున పిల్ల కన్ను తెరిస్తే కుడి నల్లగుడ్డు చిదికిన ద్రాక్షలా ఉంది. గురమ్మ అరుపుకి పేట లేచింది. మన పేట ఎల్లాజీ ఎడ్లబండి కట్టించి, గజపతినగరంలో బస్సెక్కి, నేనూ మీ అత్తా గురమ్మా విజయనగరం తీసికెళ్ళాం. నెల పైన అక్కడే, వరండాలో.

కుడికన్ను పోయింది. ఎడమకన్ను నిలిచింది. కొంచెం మసక ఉంటుందట. నూనె పట్టించారు, సూదిమందు వేశారు.

డాక్టరమ్మ నన్ను నిలబెట్టి చీవాట్లు పెట్టింది. “మూడు నెలలుగా కనిపిస్తోంది కదా. హైస్కూలు పిల్లలకి తెలిసిన సంగతి ఇది. మీ పేటలో చదువుకున్నవాళ్ళు ఒక్కరూ లేరా?” అని. గురమ్మ నా వైపు చూసింది. నేను లేరమ్మా అన్నాను. ఉన్నాడని చెబితే నీకు తలవంపులని.

నా సంగతి కూడా విను. ఆ గడ్డం ఈ చేత్తో పట్టుకున్నాను. ఆ మచ్చని ఈ కండువాతో తుడిచాను. సంఘమంతా వరసగా వచ్చి ఆ కంటిలోకి చూసేలా చేశాను. అంతమందిమి చూశాం, ఒక్కరికీ కనబడలేదు. దేవుడి పనితనం చూపించే తొందరలో పిల్లని చూడలేదు నేను. వరండాలో ముప్పై రోజులు అదే నన్ను నమిలింది.

నీ కార్డు చూసి మీ అత్త ఒకటే అంది. “ఈ ముక్క రాసే బదులు బస్సెక్కి ఉంటే సాయంత్రానికి వచ్చేవోడు కదా.”

మావయ్య


శృంగవరపుకోట
2-10-1967

మావయ్యా,

ఇది గుడిలో చదవండి. ముందే చెబుతున్నాను. గురమ్మ ఉన్నప్పుడు చదవండి.

పేట పెద్దలకీ, నాకు పిడికెడు పెట్టిన తల్లులందరికీ, గురమ్మకీ. లీలారాణి కన్ను పోవడంలో నా తప్పు ఉంది. అది ఎలాగో చెబుతాను.

తొమ్మిదో తరగతికి నేనే సైన్సు చెబుతాను. విటమినుల పాఠం జూలైలో చెప్పాను. తట్టు పోసిన పిల్లల సంగతి కూడా అందులో ఉంది. ఆగస్టు మొదట్లో మావయ్య ఉత్తరం వచ్చింది. రేచీకటి అని రాశారు. నురగ మచ్చ అని రాశారు. కన్ను ఎండిపోయిందని, గంజన్నమే పెడుతున్నారని రాశారు. నా పుస్తకంలో ఏ వరసలో ఉన్నాయో అదే వరసలో రాశారు. నేను చదివాను. చదివి సంబరపడ్డాను. మావయ్యని ఓడించడానికి మంచి ఉదాహరణ దొరికిందని. పిల్ల కన్నే మీ వాదానికి జవాబు అని రాశాను. ఆ వాక్యం రాసి, బాగుందని మళ్ళీ చదువుకున్నాను కూడా. కళ్ళు తెరవలేకపోతోందని రెండోసారి రాశారు. అప్పుడు నా పౌరుషం గురించే ఆలోచించాను.

సెప్టెంబరులో పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. నేనే ఇచ్చిన ప్రశ్న. ఒక అమ్మాయి రాసింది: “మొదట రేచీకటి వచ్చును. పిదప తెల్లగుడ్డుపై నురుగు వంటి మచ్చ ఏర్పడును. అశ్రద్ధ చేసిన యెడల చూపు పూర్తిగా పోవును.” పూర్తి మార్కులు వేశాను. వేసి పక్కన పెట్టి, తరవాతి పేపరు తీశాక చెయ్యి ఆగిపోయింది.

అప్పుడైనా బస్సెక్కలేదు. మీ ముఖాలు చూడలేక కార్డు రాశాను. అత్త అన్న మాట నిజం.

గురమ్మ ఆ రోజు రెండు మాటలు అడిగింది. ఎందుకు అగుపడనీడు అని ఒకటి. ఏటి తక్కువయ్యింది అని ఒకటి. మావయ్యా నేనూ మొదటి మాట పట్టుకుని కొట్టుకున్నాం. దానికి జవాబు నాకు ఇప్పటికీ తెలీదు. రెండో మాటకి జవాబు నా చేతిలో సుద్దముక్కతో బోర్డు మీద రాసి ఉంది. ఆమె కన్ను గురించి అడిగితే మేము దేవుడి గురించి చెప్పాం.

నేను దేవుణ్ణి నమ్మనివాణ్ణి. అందుకు మీరు నన్ను వెలివేస్తే ఒప్పుకుంటాను. కాని ఇది నమ్మని తప్పు కాదు. నమ్మినవాడైనా నమ్మనివాడైనా ఒక కార్డు ముక్క రాస్తే నిలిచే కన్ను అది. క్షమించమని అడిగే ముఖం లేదు. ఏం చెయ్యమంటే అది చేస్తాను.

కృపారావు


చినపేట
9-10-1967

ఒరే అల్లుడూ,

నిన్న చదివాను. ఒక్క ముక్క వదల్లేదు. తాతమ్మ ఏడ్చింది. కొందరు మగవాళ్ళు నువ్వు రాకూడదన్నారు, కొందరు రావాలన్నారు. పిల్ల గురమ్మ ఒళ్ళో కూర్చుని గాజులు లెక్కపెట్టుకుంటోంది, ఎడమకంటికి దగ్గరగా పెట్టుకుని.

నీతో ఒక మాట ఒప్పుకోవాలి. నీ కార్డులో మునగాకు అని ఉంది కదా. గురమ్మ గుమ్మం ముందే మునగచెట్టు ఉంది, నువ్వూ ఎరుగుదువు. అది చదివినప్పుడు బోధకుడి బుద్ధి ఊరుకుంటుందా? చూశారా, మందు చెట్టుని గుమ్మంలోనే నాటినవాడి ఏర్పాటు, అని ప్రసంగం కట్టేశాను మనసులో. నిన్న లేచి నిలబడ్డాను కూడా. ఎదురుగా పిల్ల కూర్చుంది. ఆ ప్రసంగం మానేశాను. ఆయన చెట్టుని పెట్టి ఉంటే, చెట్టుకీ పిల్ల కంచానికీ మధ్య చెప్పేవాళ్ళని కూడా పెట్టాడు. నిన్నూ నన్నూ. ఆ ఏర్పాటులో ఎక్కడ చెడిందో నాకు తెలిసింది. నువ్వు ఏర్పాటే లేదంటావు. లేకపోతే మధ్యలో ఉన్నది మనమిద్దరమే, ఇంకా తప్పించుకోలేం. ఎటు తిప్పినా లెంపకాయ మన చెంపకే తగులుతోంది. పాట పాడించి కూర్చున్నాను.

అందరూ వెళ్ళాక గురమ్మ వచ్చింది. పిడికెడు తేలేదేమమ్మా అని నేను అడగలేదు, అదే చెప్పింది.

“అయ్యగోరూ, దేవుడి సంగతి మీరూ మీరూ తేల్సుకోండి. మాకు తీరిక నేదు. ఈ వారం పిడికెడు ఇంటికాడే ఉంచినాను. ఆ బాబుని రమ్మను. వచ్చి నా పొయ్యికాడ కూకోమను. ఆ బియ్యం, ఆ మునగాకు, ఎంత ఎయ్యాలో ఎలా ఒండాలో సూపించమను. ఒండి, మా పాపకి తన సేత్తో తినిపించమను. ఎదరింటి రాముడి బిడ్డకీ తట్టు పోసి నెలయ్యింది. దాని కంట్లో కూడా సూడమను.”

నేను ఆమెకి సరేనన్నాను. నీకూ సరేనని తెలుసు.

శనివారం మొదటి బస్సుకి బయల్దేరు. బల్ల దగ్గర కూర్చోమని నిన్నెవరూ అడగరు. ఉత్తరం రాయకు.

మావయ్య